శిక్ష తీరాక మిగిలేదేమిటి?

తప్పు చేసినవాడు శిక్ష అనుభవించి బయటికొచ్చాక ఆ తప్పు తీరినట్టా, ఇంకా అతని ఖాతాలో ఉన్నట్టా? ఈ ప్రశ్న పండితులు చూసుకునేదని ఇన్నాళ్లూ అనుకున్నాను. ఈ మధ్య అది పన్ను లెక్క రూపంలో నా దగ్గరికే వచ్చింది.

మాది కోవిల్‌పట్టి. ఊరు తమిళం, ఇల్లు తెలుగు. విరుదునగర్ పప్పు, నూనె, మిరప వ్యాపారుల పద్దులు చూడడం నా జీవనం. మా చిన్నాన్న కూతురు అమెరికాలో స్థిరపడింది. ఆమె పెద్దకొడుకు కుర్రతనంలో మత్తుమందు కేసులో పట్టుబడ్డాడు. నేరం రుజువైంది. శిక్ష పూర్తిచేసి ఇప్పుడు కాలేజీలో చేరాడు. పన్ను కాగితాలు నింపుతూ చెల్లెలు ఫోన్ చేసింది: "అన్నా, వాడి శిక్ష అయిపోయింది గదా, ఇంకా ఎందుకు అడుగుతున్నారు?"

అడుగుతున్న మాట నిజమే. కాలేజీ మొదటి నాలుగేళ్ల ఖర్చుకు అక్కడ అమెరికన్ ఆపర్చునిటీ టాక్స్ క్రెడిట్ అని ఒక రాయితీ ఉంది. ఒక్కో విద్యార్థికి ఏడాదికి 2,500 డాలర్ల దాకా పన్ను తగ్గుతుంది. కట్టాల్సిన పన్నే లేని పేద కుటుంబానికి కూడా అందులో 1,000 డాలర్ల దాకా చేతికొస్తుంది. దాన్ని కోరే 8863 నంబరు ఫారంలో ఒక ప్రశ్న ఉంటుంది: మత్తుమందు కలిగి ఉన్నందుకో, పంచినందుకో ఈ విద్యార్థికి ఫెలనీ, అంటే పెద్ద నేరం, రుజువైందా? అవునంటే ఆ రాయితీ లేదు. ఎన్నేళ్ల కిందటి నేరమైనా సరే, గడువు లేదు. దొంగతనం చేశాడా, మనిషిని చంపాడా అని మాత్రం ఆ ఫారం అడగదు.

లైఫ్‌టైమ్ లెర్నింగ్ క్రెడిట్ అనే రెండో రాయితీకి ఈ అడ్డు లేదు. 10,000 డాలర్ల వరకు ఖర్చులో 20 శాతం, గరిష్ఠంగా 2,000 డాలర్లు. కానీ అది కట్టాల్సిన పన్నులోనే తగ్గుతుంది, చేతికి రాదు. పన్ను కట్టేంత ఆదాయం లేని ఇంటికి దానివల్ల ఒరిగేదేమీ లేదు. అంటే ఒకే తప్పు చేసిన ఇద్దరు పిల్లల్లో కలిగినవాడికి దారి మిగిలింది, లేనివాడికి మూసుకుపోయింది.

శిక్షతో తప్పు తీరుతుందా అన్నదానికి మహాభారతం శాంతిపర్వంలో శంఖలిఖితుల కథ ఉంది. అన్న శంఖుడు ఆశ్రమంలో లేనప్పుడు తమ్ముడు లిఖితుడు అక్కడి పండ్లు అడక్కుండా తిన్నాడు. అది దొంగతనమే, రాజు దగ్గరికెళ్లి శిక్ష అడుగు అన్నాడు అన్న. సుద్యుమ్న మహారాజు క్షమిస్తానన్నా లిఖితుడు ఒప్పుకోలేదు. చేతులు నరికించుకుని తిరిగొచ్చాడు. అప్పుడు శంఖుడు బాహుదా నదిలో మునిగి తర్పణం చెయ్యమన్నాడు. తర్పణానికి దోసిలి పట్టబోతే పోయిన చేతులు తిరిగొచ్చాయి. ముందే నన్ను పవిత్రుణ్ణి చెయ్యలేకపోయావా అని తమ్ముడు అడిగితే, దండించే అధికారం రాజుది, నాది కాదు అన్నాడు అన్న.

ఈ కథలో తప్పును ఎవరూ తేలిక చెయ్యలేదు. శిక్ష కఠినంగానే పడింది. కానీ అది పూర్తయిన రోజున మనిషి చేతులు మనిషికి తిరిగొచ్చాయి. వర్ణాన్ని బట్టి శిక్ష మార్చే మనుస్మృతిని నేను నెత్తిన పెట్టుకోను. అంతటి గ్రంథం కూడా ఎనిమిదో అధ్యాయంలో, రాజదండన పొందిన పాపి పుణ్యాత్ముడితో సమానంగా నిర్మలుడవుతాడనే చెప్పింది.

ఆ అమెరికా నిబంధనలో ఇంకో చిక్కు కూడా ఉంది. పిల్లవాడు తల్లిదండ్రుల లెక్కలో ఉంటే ఆ రాయితీ కోల్పోయేది తల్లిదండ్రులే. బోయవాడి పాపంలో పాలు పంచుకోబోమని ఇంటివాళ్లు తెగేసి చెప్పాకే అతను వాల్మీకి అయ్యే దారి పట్టాడని మన ఇళ్లలో చెప్పుకుంటాం. చేసినవాడిదే ఫలమన్నది అందులో నీతి. ఇక్కడ చట్టం ఆ పాపాన్ని అమ్మానాన్నలకూ పంచుతోంది.

జనం సొమ్ము మత్తుమందు అమ్మినవాడికి ఎందుకివ్వాలి అని అడిగేవాళ్లున్నారు. పిల్లల్ని ఆ విషానికి పోగొట్టుకున్న తల్లి అడిగితే తల వంచుకునే వింటాను. అయినా శిక్ష ఎంతో కోర్టు చెప్పింది, అతను అనుభవించాడు. మళ్లీ ఆ మందు జోలికి పోకుండా నిలబెట్టేది చదువూ, దాని వెంట వచ్చే పనీ. ఆ చదువునే ఖరీదు చేస్తే కాపాడింది ఎవర్ని?

మన ఆదాయపు పన్ను చట్టం విద్యారుణం మీది వడ్డీకి మినహాయింపు ఇస్తుంది. విద్యార్థి పాత కేసుల ఊసు అందులో లేదు. 1985 మత్తుమందుల చట్టం 64ఎ సెక్షన్ అయితే తనంతట తాను చికిత్సకు వచ్చిన బానిసను కొన్ని షరతులతో కేసు నుంచే కాపాడుతుంది. అమెరికా కూడా మత్తుమందు నేరస్థులకు విద్యా సహాయం ఆపాలని 1998లో పెట్టిన నిబంధనను 2020 డిసెంబరులో చట్టం చేసి తొలగించింది. పన్ను చట్టంలోని అడ్డు మాత్రం అలాగే ఉంది.

చట్టాలు అటుంచితే, మా ఊరి పక్క ఇడైసెవల్‌లో తెలుగింట పుట్టిన తమిళ రచయిత కి. రాజనారాయణన్ బడి చదువు మధ్యలోనే ఆపేశారు. రైతు పోరాటాల్లో జైలుకెళ్లారు. ఆయనది రాజకీయ ఖైదు, ఈ పిల్లవాడిది వేరు, రెండూ ఒకటనను. కానీ పట్టా లేని, జైలు చూసిన ఆ మనిషిని 1980లలో పాండిచ్చేరి విశ్వవిద్యాలయం ఆచార్యుడిగా పిలిచింది. ఆయన గతాన్ని కాక, ఆయన చేతనైన పనిని చూసింది. కరిసల్, అంటే నల్లరేగడి, నేల కథలు తర్వాతి తరానికి అందాయి.

చెల్లెలికి చెప్పిందే బయట ఉన్న తెలుగు కుటుంబాలకూ చెబుతున్నాను. ఫారంలో అబద్ధం రాయకండి. మొదటి రాయితీ అందకపోతే రెండోది అడగండి, అది మీ హక్కు. ఆ నేరం ఫెలనీయేనా, చిన్న తరగతిదా అని తీర్పు కాగితంలో చూసుకోండి. చిన్నదైతే ఈ అడ్డు వర్తించదు. అక్కడ ఓటు హక్కున్నవాళ్లు ఆ ఒక్క నిబంధనను తీసెయ్యమని మీ ప్రతినిధులకు ఉత్తరం రాయండి. శిక్ష తీరినవాణ్ణి చదువుకోనివ్వడమే ధర్మం.