రెండో కుర్చీ

రక్షణశాఖలో మంత్రి తర్వాతి మనిషి గురించి మనం పెద్దగా మాట్లాడుకోం. వియత్నాం యుద్ధం అనగానే జాన్సన్, మెక్‌నమారా గుర్తొస్తారు. 1964 జనవరి నుంచి 1967 జూన్ దాకా మెక్‌నమారాకి డిప్యూటీగా పనిచేసిన సైరస్ వాన్స్ ఎంతమందికి గుర్తు?

ఆ పదవి అలంకారం కాదు. మంత్రి లేనప్పుడు అధికారమంతా డిప్యూటీదే. ఉన్నప్పుడు బడ్జెట్లు, కొనుగోళ్ళు, త్రివిధ దళాల మధ్య పేచీలు ఆయన బల్లమీదికే వస్తాయి. అయినా "నిర్ణయం నాది కాదు" అనుకునే వీలు ఆ కుర్చీలో ఎప్పుడూ ఉంటుంది. నన్ను ఇబ్బంది పెట్టేది ఆ వీలే.

1964 ఆగస్టు 4న టోంకిన్ సింధుశాఖలో అమెరికన్ నౌకల మీద రెండోసారి దాడి జరిగిందన్నారు. కొన్ని గంటల్లోనే అక్కడి నౌకాదళ అధికారే సందేహం వెలిబుచ్చాడు. ఆ సాయంత్రం పెంటగాన్‌లో సాక్ష్యాలు తూచినవాళ్ళలో వాన్స్ ఉన్నాడు. ప్రతిదాడి ఆగలేదు. రెండో దాడి అసలు జరగనేలేదని తర్వాత తేలింది. ఆ ఏడాది చివర్లో సుమారు 23 వేలున్న అమెరికన్ సైన్యం, వాన్స్ పదవి వదిలేనాటికి 4 లక్షలు దాటింది. యుద్ధం నుంచి బయటపడే దారి చూడమని జాన్సన్‌కి చెప్పిన పెద్దల్లో ఆయనా ఉన్నాడు. కానీ అది 1968 మార్చిలో, కుర్చీ దిగిపోయాక.

కౌరవసభలో ద్రౌపది పక్షాన మాట్లాడిన వికర్ణుడు గుర్తొస్తాడు. కురుక్షేత్రంలో మళ్ళీ అన్న వైపే పోరాడి చచ్చిపోయాడు. మంచివాడే అంటాం. అతని బాణాలు తగిలినవాడికి ఆ మంచితనం వల్ల ఒరిగిందేమిటి?

విధేయతని తేలిగ్గా తీసెయ్యలేం. ప్రతి విభేదానికీ రాజీనామా ఇస్తూపోతే ఏ శాఖా నడవదు. ఎన్నికైన ప్రభుత్వం మాట సైన్యం వినాలంటే, ముందు మధ్యలో ఉన్నవాళ్ళు వినాలి. లోపలే ఉండి నష్టం తగ్గించేవాళ్ళూ ఉంటారు. ఒప్పుకుంటాను. కానీ ఆ వాదనకి ఒక గడువుండాలి కదా? ఎక్కడ ఆగాలో ముందే అనుకోనివాడు, ఇంకొక్క ఫైలే కదా అనుకుంటూ ఎంతదూరమైనా పోతాడు.

1980 నాటికి వాన్స్ విదేశాంగమంత్రి. ఇరాన్‌లోని బందీలని సైనికచర్యతో విడిపించాలని ఏప్రిల్ 11న కార్టర్ నిర్ణయించినప్పుడు ఆయన సెలవులో ఉన్నాడు. ఆయన బదులు సమావేశంలో కూర్చున్నది ఆయన డిప్యూటీ వారెన్ క్రిస్టఫర్. తిరిగొచ్చి వాన్స్ వాదించాడు, ఫలించలేదు. 21న రాజీనామా పత్రం ఇచ్చాడు. ప్రయత్నం గెలిచినా ఓడినా వెళ్ళిపోతానన్నాడు. 24న మొదలైన ఆ చర్య ఎడారిలోనే విఫలమై, ఎనిమిదిమంది సైనికులు చనిపోయారు.

నా దృష్టిలో ఆ రాజీనామా విలువ తేదీలో ఉంది. బందీలు క్షేమంగా తిరిగొచ్చుంటే వాన్స్‌ని పిరికివాడనేవాళ్ళు. అది తెలిసే ఇచ్చాడు. ఫలితం తెలిశాక చెప్పే అభ్యంతరానికి ఖర్చేమీ లేదు.

అయితే అప్పటికి ఆయనది మొదటి కుర్చీ. రెండో కుర్చీలో ఉండగా అదే పని చెయ్యడం ఇంకా కష్టం. ఎవరూ అడగరు, వెళ్ళిపోయినా ఎక్కువమంది గమనించరు. అందుకే ఆ లెక్క తనకి తనే వేసుకోవాలి, ఆజ్ఞ బల్ల దాటకముందే.