నీళ్ల వంతు

కోయంబత్తూరుకు తూర్పున నల్లరేగడి నేలల్లో ఒక ఊరు ఉండేది. ఊళ్లో సగం ఇళ్లలో మాట తెలుగు. 1529లో విశ్వనాథ నాయకుడు మధుర ఏలికగా వచ్చిన తరవాత, ఆయన వెంటా ఆయన వారసుల వెంటా తెలుగు దండులు దక్షిణానికి దిగాయి. దండుల వెనక సేద్యగాళ్లు దిగారు. పత్తికి పనికొచ్చే నేల కనిపించిన చోటల్లా ఊళ్లు వెలిశాయి. మధురలో రాజులే తెలుగులో పుస్తకాలు రాసిన కాలం ఒకటి ఉండేది. 18వ శతాబ్దం మొదట్లో విజయరంగ చొక్కనాథుడు శ్రీరంగమాహాత్మ్యాన్నీ మాఘమాహాత్మ్యాన్నీ తెలుగు వచనంలో రాశాడు. 1736లో ఆ రాజ్యం పోయింది. కొలువులో ఉన్న తెలుగు వంటింటికి చేరింది. సంత, బడి, పట్టా అన్నీ తమిళమయ్యాయి. బిడ్డను జోకొట్టడానికీ, తోటికోడలిని తిట్టడానికీ మాత్రం తెలుగు మిగిలింది.

ఆ ఊళ్లో ఒక పాత ఇంట్లో, అటక మీద, రెండు చెక్కల మధ్య బిగించిన తాటాకుల కట్ట ఒకటి ఉండేది. ఏడాదికోసారి సరస్వతి పూజనాడు దాన్ని దించి, పసుపు రాసి, కుంకుమ పెట్టి, సాంబ్రాణి పొగ చూపించి మళ్లీ అటకెక్కించేవారు. విప్పి చదివినవాళ్లు లేరు. చదవడం వచ్చినవాళ్లూ లేరు. కాబట్టి అందులో ఏముందో అందరికీ బాగా తెలుసు. ఇంటి పెద్దకొడుకు అది మధుర రాజు తిరుమల నాయకుడు ఇచ్చిన దానపత్రమని చెప్పేవాడు. చిన్నకొడుకు రామాయణమని చెప్పేవాడు.

అన్నదమ్ములు వేరుపడ్డారు. పొలం రెండుగా పంచుకున్నారు, పశువులనూ పంచుకున్నారు. కట్ట పెద్దింటికి వెళ్లింది. బావిని మాత్రం పంచడం కుదరలేదు. పైకారా జలవిద్యుత్ కేంద్రం కరెంటు ఇంకా పల్లెలకు రాని రోజులవి. ఆ వైపు బావులు లోతైనవి, అడుగున రాయి. ఎద్దుల జత ఏటవాలు బాటలో దిగుతూ తాడు లాగితే తోలుతొండం నిండా నీళ్లు పైకి వచ్చేవి. నీళ్లు తోడే ఆ కపిల ఒక్కటే కాబట్టి నాలుగు రోజులు పెద్దిల్లు, నాలుగు రోజులు చిన్నిల్లు తోలుకునేలా వంతు పెట్టుకున్నారు. వంతు తెల్లవారుజామున మారేది.

ఒక కరువు ఏడు ఆ వంతు దగ్గర గొడవ వచ్చింది. శుక్రవారం తెల్లవారితే వంతు పెద్దింటిది. పెద్దకోడలు పొలానికి వెళ్లేసరికి చిన్నింటి ఎద్దులు ఇంకా కపిల మీదే ఉన్నాయి. మధ్యాహ్నం దాకా దిగలేదు. పెద్దింటి రాగి మళ్లు ఆ పూట తడవలేదు. ఇద్దరు తోటికోడళ్లూ బావి గట్టు మీద నోటికొచ్చినట్టు తిట్టుకున్నారు. ఆ మధ్యాహ్నం నుంచి పాతికేళ్ల పాటు ఒకరి మొహం ఒకరు చూడలేదు.

పెద్దకోడలు ఆ సంగతి చెప్పడంలో ఆరితేరింది. పెళ్లిళ్లలో, పేరంటాల్లో, పత్తి ఏరే చోట ఎవరైనా కదిలిస్తే చాలు, మొదలుపెట్టేది. శుక్రవారం, తన వంతు, దిగని ఎద్దులు, ఎండిన మళ్లు. వినేవాళ్లు అయ్యో అనవలసిన చోట అయ్యో అనేవాళ్లు. చెప్పిన కొద్దీ కథ నున్నబడింది. మాటల్లో మళ్లు ఒక పూట కాదు, మూడు రోజులు ఎండాయి.

భర్త పోయాక ఆమెకు ఒక ఆలోచన తట్టింది. అటక మీది కట్ట దానపత్రమే అయితే, బావి పెద్దింటిదేనని అందులో రాసి ఉండవచ్చు. అలా రాసి ఉంటే వకీలు దగ్గరికి వెళ్లవచ్చు. ఎవరిచేతనైనా చదివిద్దామంటే నమ్మకం చాలలేదు. చదివేవాడు చిన్నింటివాళ్లకు చెవిలో ఊదితే గతేమిటి? తానే చదవాలని నిశ్చయించుకుంది. అక్షరాల మీద ప్రేమతో కాదు, తోటికోడలి మీద కసితో అక్షరాలు నేర్చుకోవడానికి పూనుకుంది. కసితో మొదలైన చదువులు లోకంలో చాలానే ఉన్నాయి, వాటిని తీసిపారేయకూడదు.

ఆమె పుట్టిల్లు మధుర. ఏటా చిత్తిరై తిరునాళ్లకు వెళ్లేది. మీనాక్షి కల్యాణాన్నీ, అళగరు వైగై నదిలో దిగే ఉత్సవాన్నీ తిరుమల నాయకుడు ఒకే నెలలోకి తెచ్చాడని చెబుతారు. ఆ జనసందోహంలో అందరూ దేవుడి కోసం తిరుగుతుంటే ఈమె ఒక భజన మందిరం అరుగు మీద కూర్చుని అ ఆలు దిద్దింది. త్యాగరాజ కీర్తనలు పాడే ముసలాయన ఒకాయన, మద్రాసులో అచ్చయిన పెద్దబాలశిక్ష ఒకటి ఆమె చేతిలో పెట్టి గుణింతం నేర్పాడు. మిగతా ఏడంతా ఆమె పశువుల కొట్టం దగ్గర, ఎవరూ చూడకుండా, పుల్లతో మట్టిలో రాసుకుంది. కొన్ని తిరునాళ్లు గడిచాక చదవడం పట్టుబడింది.

ఒక మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు కట్ట దించి విప్పింది. ఆకుల మీద ఏమీ కనిపించలేదు. గంటంతో గీసిన గీతల్లో మసి ఎప్పుడో రాలిపోయింది. దీపపు మసిని నూనెలో కలిపి ఆకు మీద రుద్ది గుడ్డతో తుడిచింది. అక్షరాలు నల్లగా తేలాయి. తేలినా అంతుపట్టలేదు. అచ్చు పుస్తకంలోలా మాటకూ మాటకూ మధ్య ఎడం లేదు. ఆకు ఈ చివర నుంచి ఆ చివరకు ఒకటే అక్షరాల బారు. కళ్లతో విడదీయలేక, ఒక్కొక్క అక్షరాన్నీ పైకి చదువుతూ పోయింది. అప్పుడు చెవికి పట్టింది. పెద్దబాలశిక్షలో ఎక్కడా లేని మాట, తన అత్తగారు గట్టిమన్నుకు వాడే మాట, ఆకు మీద నుంచి వినిపించింది. అక్కడి నుంచి మాటలు విడివడ్డాయి.

అది దానపత్రం కాదు. రామాయణమూ కాదు. పూర్వీకుడు ఎవరో బావి తవ్వించిన లెక్క. ఏ రోజు ఎన్ని మూరలు దిగారు, రాయి ఎక్కడ తగిలింది, కూలివాళ్లకు ఎన్ని కుంచాల ధాన్యం కొలిచారు అన్నదే ఆకు తరవాత ఆకు. ఒక ఆకు మీద, తమ్ముడు పనికి రాలేదని రాసి ఉంది. దాని మీద అడ్డంగా ఒక గీత. కింద అదే చేతిరాతతో, తమ్ముడు 12 రోజులు వచ్చాడని, కోపంలో మరిచానని ఉంది. తాటాకు మీద గంటంతో గీసింది చెరపడానికి వీల్లేదు. అందుకే తప్పూ దిద్దుబాటూ రెండూ ఒకదాని కింద ఒకటి అలాగే ఉండిపోయాయి.

ఆమెకు అందులో పనికొచ్చేది ఏమీ కనిపించలేదు. బావి పెద్దింటిదని ఒక్క ముక్క లేదు. ఉసూరుమని కట్ట బిగించి అటకెక్కించింది. ఎవరికీ చెప్పలేదు.

అయితే నేర్చుకున్న చెయ్యి ఊరుకోలేదు. మనవడి పాత నోటు పుస్తకంలో వెనక పేజీలు ఖాళీగా ఉన్నాయి. పత్రం లేకపోతే పోయింది, జరిగింది జరిగినట్టు రాసి వకీలుకు చూపిద్దామనుకుంది. వకీలుకు తెలుగు రాదన్న సంగతి అప్పటికి తోచలేదు. పెన్సిలు పట్టుకుని మొదలుపెట్టింది. నోటితో చెప్పేటప్పుడు కథ శుక్రవారం తెల్లవారుజామున మొదలయ్యేది. కాగితం మీద మాత్రం, శుక్రవారం తమ వంతు ఎలా అయిందో ముందు రాయవలసి వచ్చింది. నాలుగు రోజులు వెనక్కి లెక్కపెట్టింది. గురువారం, బుధవారం, మంగళవారం, సోమవారం. సోమవారం దగ్గర పెన్సిలు ఆగింది.

సోమవారం తెల్లవారితే వంతు చిన్నింటిది. ఆ రోజు రాగి నారు వాడిపోతోందని తన భర్త మధ్యాహ్నం దాకా కపిల వదల్లేదు. ఎద్దులకు గడ్డి మోసుకెళ్లింది తానే. శుక్రవారం చిన్నింటివాళ్లు తీసుకున్నది ఆ పూటనే.

ఆ సంగతి ఆమెకు తెలియనిది కాదు, మరిచిపోయిందీ కాదు. ఇన్నేళ్లలో ఎన్నిసార్లు చెప్పినా నోరు దాన్ని పక్కనుంచి దాటుకుని పోయిందంతే. కాగితం చింపి పొయ్యిలో వేసింది. మర్నాడు మళ్లీ రాసింది. మళ్లీ సోమవారం దగ్గరే ఆగింది. ఈసారి చింపలేదు. సోమవారం సంగతి ఉన్నదున్నట్టు రాసి, పుస్తకం మూసి, బియ్యం డబ్బా కింద పెట్టింది. దాచవలసిన అవసరం కూడా లేదు. ఆ ఇంట్లో తెలుగు చదవగలిగినవాళ్లు ఆమె తప్ప ఎవరూ లేరు. తమిళంలో రాసి ఉంటే మనవడు చదివేవాడు, మనవడు చదివితే ఊరంతా చదివినట్టే. ఎవరికీ రాని లిపి కాబట్టి భయం లేకుండా నిజం రాయగలిగింది.

ఆ తరవాత పెళ్లిళ్లలో ఎవరైనా శుక్రవారం కథ కదిలిస్తే, దూడకు నీళ్లు పెట్టాలని లేచి వెళ్లిపోయేది. మంచి కథ పోయిందని నలుగురూ బాధపడ్డారు. మళ్లీ కరువు వచ్చిన ఏడు, తన వంతులో ఒక పూట చిన్నింటివాళ్లను తోలుకోమని మనవడితో కబురు పంపింది. తోటికోడలు ఇందులో ఏదో మెలిక ఉందని అనుమానపడింది. అయినా నీళ్లు తోలుకుంది. మాట్లాడలేదు. పెద్దకోడలు ఆ రోజు తారీఖు వేసి ఆ సంగతి కూడా రాసుకుంది. పత్తి ధర, కూతురి కాపురం, ఎవరికి ఎంత చేబదులు ఇచ్చింది, ఎవరి మీద అనవసరంగా విసుక్కుంది, అన్నీ అందులోకి ఎక్కాయి. రాసిన రాత్రి బాగా నిద్రపట్టేది.

ఆమె పోయాక పుస్తకం దొరికింది. చదవలేకపోయారు. ఏదో స్తోత్రం అయి ఉంటుందని పసుపు రాసి తాటాకుల కట్ట పక్కన పెట్టారు.

నీతి: చదువూ రాతా ఎందుకంటే ఉద్యోగం కోసమనీ, పేరు కోసమనీ, భాష నిలవడం కోసమనీ చెబుతుంటారు; ఈ పెద్దకోడలికి ఆ మూడింటిలో ఏదీ దక్కలేదు, ఆమె రాత వల్ల ఆ ఇంట తెలుగు ఒక్క రోజు కూడా ఎక్కువ బతకలేదు. నోటికి వినేవాళ్ల అయ్యో కావాలి కాబట్టి కథను వాళ్లకు నచ్చే చోట మొదలుపెడుతుంది, కాగితానికి ఎవరి అయ్యోతోనూ పనిలేదు కాబట్టి ముందేం జరిగిందని అడుగుతుంది. సోమవారం మధ్యాహ్నం దాకా కపిల మీద ఉన్నవి తమ ఎద్దులేనన్న సంగతి పాతికేళ్లు నోట రానిది, రెండు రోజుల రాతలో వచ్చింది. ఆమె చదువుకు ఫలం అదే.