మన తూఫాన్స్

సారపాక ఒడ్డున ఇసుకలో కూర్చున్నాం, నేనూ మా మేనల్లుడూ. 2025 డిసెంబరు ఆఖరు. అవతల భద్రాచలం రేవులో ముక్కోటి తెప్పోత్సవానికి హంసవాహనం ముస్తాబవుతోంది. వాడు చర్ల వైపు ఒక ఆశ్రమ పాఠశాలలో పంతులు.

"రాముడికి ఏం మొక్కుకున్నావు మామా?"

"జనవరి మూడున చెన్నైలో హాకీ ఇండియా లీగ్ మొదలు. హైదరాబాద్ తూఫాన్స్ ఈసారి కప్పు తేవాలని."

వాడు మొహమాటంగా నవ్వాడు. "కోపం రాకపోతే ఒక మాట. అందులో మన పిల్లోడు ఒక్కడన్నా ఉన్నాడా? వేలంలో డబ్బు పెట్టి కొన్నారు. పోయినసారి ఆడిందంతా ఒడిశా, జార్ఖండ్ మైదానాల్లోనే. హైదరాబాద్ అన్నది చొక్కా మీది పేరేగా. అది మన జట్టెట్లా అయింది?"

ఈ మాట నాకు కొత్త కాదు. ఎన్నో రాత్రులు నన్ను నేనే అడుక్కున్నాను. అందుకే దీనికి తొందరపడి జవాబు చెప్పను.

"2025 ఫిబ్రవరి ఒకటిన రూర్కెలాలో ఫైనల్. బెంగాల్ టైగర్స్ మీద 3-4తో ఓడిపోయాం. వాళ్ళ జుగ్‌రాజ్ ఒక్కడే మూడు కొట్టాడు. మూడు మూడుగా ఉండగా ఆఖరి పావుభాగంలో సామ్ లేన్ నాలుగోది వేశాడు. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. మనది కానిదాని కోసం కడుపు మండుతుందా?"

"మండిందని మనదైపోతుందా మామా? సినిమా చూసీ ఏడుస్తాం."

"సినిమా అయిపోయాక మళ్ళీ ఏడాది దానికోసం ఎదురుచూస్తావా? మనకు రెండు గోల్స్ కొట్టిన పేయాట్ సంగతి చూడు. 2016లో రియోలో అర్జెంటీనాకు ఒలింపిక్ స్వర్ణం తెచ్చాడు. 2023లో భువనేశ్వర్‌లో జర్మనీ తరఫున ప్రపంచకప్పు గెలిచాడు. జర్మనీ వాళ్ళు 'నువ్వు ఇక్కడ పుట్టలేదుగా' అని కప్పు వెనక్కిచ్చారా? మూడో గోల్ అమన్‌దీప్ లక్రాది. ఒడిశా కుర్రాడు, సొంత రాష్ట్రంలో బిర్సా ముండా స్టేడియంలో మన చొక్కా వేసుకుని కొట్టాడు. పుట్టుక ఒక్కటే లెక్కయితే ఆ గోల్ ఎవరి ఖాతాలో రాస్తావు?"

"అదీ నిజమేలే."

"2005లో ప్రీమియర్ హాకీ లీగ్ మొదటి ఏడాది గచ్చిబౌలిలో జరిగితే హైదరాబాద్ సుల్తాన్స్ గెలిచింది. అందులో వెనక గోడలా నిలబడింది దిలీప్ తిర్కీ, సుందర్‌గఢ్ ఆదివాసీ బిడ్డ. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో హాకీ పోటీలు పెట్టి, గెలిచిన జట్టుకు మేకపోతును ఇస్తారు."

"మేకపోతా! మా బడి పిల్లలకు చెబితే రేపే వెదురు నరుక్కొస్తారు," అన్నాడు వాడు, కళ్ళు మెరిసాయి. "ఒడిశా అంటే మనకు దూరమా మామా? శబరి అటునుంచే కదా వచ్చేది."

శబరి పేరు వినగానే నా మనసు కూనవరం సంగమానికి పోయింది. అక్కడ మా పెద్దమ్మ ఇల్లు. చిన్నప్పుడు వరదొస్తే సామానంతా అటక మీదికి ఎక్కించి గుట్టకు పోయేవాళ్ళం. 2014లో పోలవరం ముంపు పేరుతో కూనవరం, చింతూరు, వరరామచంద్రాపురం ఆంధ్రలో కలిశాయి. భద్రాచలం పట్టణం ఇటు మిగిలింది, చుట్టూ పల్లెలు అటు పోయాయి. ఈ కబుర్లలో పడి హాకీ మాట చాలాసేపు మరిచాం. వాడు భూమి పండుగ గురించి చెప్పాడు: మగవాళ్ళు వేటకు పోతే ఆడవాళ్ళు రోడ్డుకు తాడు కట్టి బండ్లు ఆపడం, తనూ ఆగి చందా ఇవ్వడం.

"సరిహద్దు గీత మారాక పెద్దమ్మ మనది కాకుండా పోయిందా?" అన్నాను.

"ఎట్లా పోతుంది?"

"మరి జట్టూ అంతే."

వాడు కాసేపు ఆలోచించి తలూపాడు. చుట్టరికానికీ చొక్కాకీ తేడా ఉందని ఇంకొకరైతే పట్టుబట్టేవాళ్ళేమో. నాకు మాత్రం లేదు. ఏడాది పొడుగునా ఎవరి రాక కోసం కాచుకుంటామో వాళ్ళు మనవాళ్ళే.

"క్రికెట్ ముందు హాకీ ఎవరు చూస్తారు మామా?"

"నేను చూస్తాను."

"డబ్బు వ్యాపారం..."

"ఏ ఆటలో లేదు? వదిలెయ్."

వదిలేశాడు. నేను ఆశ పెట్టుకున్నవి చెప్పాను. గోల్ ముందరి డీ లోపల కాళ్ళకు బంతి తగలనివ్వకూడదు, పెనాల్టీ కార్నర్లు చేజేతులా ఇవ్వకూడదు. ఆఖరి పదిహేను నిమిషాలకు ఊపిరి మిగుల్చుకోవాలి. ఎప్పుడో ఒకప్పుడు గచ్చిబౌలిలో మ్యాచ్ పెట్టాలి. మూడు ఒలింపిక్స్ ఆడిన ముకేశ్ కుమార్ హైదరాబాద్ వాడేనని మా వైపు పిల్లలకు తెలియాలి. కిన్నెరసాని క్రీడా పాఠశాల నుంచో, వాడి బడి నుంచో ఒక కోయ పిల్లవాడు ఆ నీలి మైదానం ఒకసారి తొక్కాలి. ఆ పిల్లవాడు వచ్చేదాకా లక్రా నా మనవడే.

"మూడో తారీకు మీ ఇంటికొస్తా," అన్నాడు వాడు. "చర్లలో సిగ్నల్ ఆగదు. కానీ పెనాల్టీ కార్నర్ అంటే ఏందో ముందే చెప్పాలి."

పుల్ల తీసుకుని ఇసుకలో డీ గీశాను.