పదమూడు దగ్గర ఆగిన లెక్క

సాయంత్రం బ్యాంకు తలుపు సగం మూశాకే క్యాషియరుకు అసలు పని. ఐదువందల కట్టలు, వందల కట్టలు, చిరుగు నోట్లు, చిల్లర విడివిడిగా లెక్కపెట్టి కంప్యూటర్ చూపే అంకెతో సరిచూడాలి. తగ్గితే జేబులోంచి కట్టాలి. ఎక్కువొస్తే? అదీ తనది కాదు. విడిగా ఒక ఖాతాలో వేసి, పోగొట్టుకున్నవాళ్లు వస్తారేమోనని చూడాలి. తర్వాత డబ్బు స్ట్రాంగ్ రూముకు చేరుతుంది. దానికి రెండు తాళాలు, ఇద్దరి దగ్గర. ఒక్కరి వల్ల తెరుచుకోదు.

వేదాంతులు ఏళ్లకేళ్లు బోధించే ‘నాది కాదు’ అన్న మాటను ఈ ఉద్యోగం మొదటి నెలలోనే వంటబట్టిస్తుంది. వైరాగ్యంతో కాదు లెండి, ఆడిట్ భయంతో!

భయం లేకుండానే అది వంటబట్టిన యువకుడొకడు పంజాబ్‌లోని సుల్తాన్‌పూర్ లోధీలో ఉండేవాడు. నవాబు దౌలత్ ఖాన్ లోడీ ధాన్యాగారంలో సరుకు తూచి, లెక్క రాయడం అతని కొలువు. పేరు నానక్. ఒకటి, రెండు అంటూ తూచేవాడు పదమూడు దగ్గర ఆగిపోయేవాడట. పంజాబీలో ‘తేరా’ అంటే పదమూడు, ‘నీదే’ అని కూడా. ‘తేరా... తేరా...’ అంటూ తన్మయత్వంలో తూస్తూనే ఉండేవాడని సిక్కుల సంప్రదాయ కథ. ఖజానా గుల్లవుతోందని నవాబుకు చాడీలు వెళ్లాయి. తనిఖీ చేయిస్తే లెక్క సరిపోయింది, పైగా నవాబే అతనికి బాకీ తేలాడంటారు. ఆ చోట ఇప్పుడు హట్ సాహిబ్ గురుద్వారా ఉంది. నానక్ వాడినవిగా భావించే తూనికరాళ్లను అక్కడ భద్రపరిచారు. దేవుడి ధ్యాసలో పడితే పని పాడవుతుందనేవాళ్లు కథలోని ఆ తనిఖీని గుర్తుంచుకోవాలి.

బెంగాల్ కవి రామప్రసాద్ సేన్ సంగతి వేరు. జమాఖర్చుల పుస్తకంలో కాళికపై పాటలు రాసి యజమానికి దొరికిపోయాడు. ఉద్యోగం ఊడుతుందనుకుంటే, ఇంటికెళ్లి పాటలే రాసుకోమని యజమాని నెలనెలా భృతి ఏర్పాటు చేశాడంటారు. యోగి లాహిరీ మహాశయులు మాత్రం బ్రిటిష్ ప్రభుత్వ సైనిక ఇంజినీరింగ్ శాఖలో లెక్కల ఉద్యోగి. 1861లో రాణీఖేత్ దగ్గర గురువు బాబాజీ నుంచి క్రియాయోగ దీక్ష పొందినా రాజీనామా ఇవ్వలేదు. 1886లో పింఛను పుచ్చుకునేదాకా చిట్టాలు రాస్తూనే ఉన్నారు.

మన కంచర్ల గోపన్న దగ్గరే చిక్కు. పాల్వంచ తహసీల్దారుగా వసూలు చేసిన సర్కారు సొమ్ముతో భద్రాచలంలో గుడి కట్టించాడు. భక్తి పక్కనపెట్టి చూస్తే ఏ ఆడిటరైనా గోల్కొండ సుల్తాను తానీషా పక్షమే! పన్నెండేళ్లు గోల్కొండ చెరలో గడిచాయి. రామలక్ష్మణులే వచ్చి ఆరు లక్షలు చెల్లించారన్న కథలో క్యాషియర్లకు నచ్చే విషయం ఒకటుంది. డబ్బిచ్చి ఊరికే వెళ్లలేదు, రశీదు రాయించుకున్నారు.

ఇప్పటి కౌంటర్ వెనక కూర్చున్నవారికి బెంగ వేరేది. యూపీఐ వచ్చాక చిల్లర చప్పుడు తగ్గింది. నగదు జమ చేసే యంత్రాలు గోడల్లోకి వచ్చేశాయి. బ్యాంకుల్లో క్యాషియరు కుర్చీ చాలాచోట్ల సింగిల్ విండోలో కలిసిపోయింది. గుమాస్తాగా చేరినవారు జేఏఐఐబీ, సీఏఐఐబీ అనే బ్యాంకింగ్ పరీక్షలు పాసయితే ఇంక్రిమెంట్లు, పదోన్నతి పరీక్ష రాస్తే ఆఫీసరు హోదా ఉన్నాయి. సూపర్‌మార్కెట్ బిల్లింగ్ కౌంటర్‌లో రోజంతా నిలబడే అమ్మాయికి అంత నిచ్చెన లేదు. ఆమె నిజాయితీకి ఇంక్రిమెంటు రాదు, షార్టేజికి మాత్రం జీతంలో కోత పడుతుంది. ఇది చూడకుండా ఆమెకు నిష్కామకర్మ బోధించడం అన్యాయం.

అయినా ఈ లెక్కపెట్టే పనినే సేవగా ఎంచుకునేవారూ ఉన్నారు. తిరుమలలో హుండీ కానుకలు లెక్కించే పరకామణి సేవకు వచ్చేవారిలో బ్యాంకు ఉద్యోగులుంటారు. సెలవు పెట్టి మరీ వచ్చి, ఏడాదంతా చేసే పనే అక్కడ జీతం లేకుండా చేస్తారు. ఒంటిమీద జేబుల్లేని పంచె. ముందు హుండీలోంచి వచ్చిన నోట్ల గుట్ట, నాణేల రాశి. నోటు నోటునూ విడదీసి కట్టలు కడతారు. నిఘా కెమెరాలు చూస్తూనే ఉంటాయి. పని ముగించి బయటకు వచ్చేటప్పుడు భక్తుడైనా, మేనేజరైనా చేతులు చాచి తనిఖీకి నిలబడాల్సిందే.