కొలిమిలో చిగురించిన చెట్టు

కార్చిచ్చు దాటిపోయిన అడవిలో నీలగిరి చెట్టును చూస్తే చచ్చిపోయిందనే అనుకుంటాం. మాను బొగ్గు, కొమ్మలు బొగ్గు. కొన్ని వారాలు గడిచాక ఆ నల్లటి బెరడును చీల్చుకుని మాను పొడవునా లేత చిగుళ్లు వస్తాయి. బెరడు అడుగున ఏళ్ల తరబడి నిద్రపోతున్న మొగ్గలవి. పైనున్న ఆకులన్నీ పోయాకే అవి కళ్లు తెరుస్తాయి. మనిషికీ అలాంటి మొగ్గలు ఉన్నాయని నా నమ్మకం. అవి చేతుల్లో ఉంటాయని కూడా.

2009 ఫిబ్రవరి 7, శనివారం. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం. మెల్‌బోర్న్‌లో ఎండ 46.4 డిగ్రీలకు చేరింది. కొలిమి తిత్తి ఊదినట్టు గాలి వీచింది. కింగ్‌లేక్, మేరీస్‌విల్, స్ట్రాథ్యూయెన్ వంటి ఊళ్లను మంటలు చుట్టుముట్టాయి. ఆ మంటల్లో 173 మంది చనిపోయారు. రెండు వేలకు పైగా ఇళ్లు బూడిదయ్యాయి. అక్కడివారు దాన్ని నేటికీ ‘నల్ల శనివారం’ అనే పిలుచుకుంటారు.

ఇలాంటి కష్టం వచ్చినప్పుడు లోకం అన్నం పంపుతుంది, బట్టలు పంపుతుంది. పంపాలి కూడా. అయినా సర్వం పోగొట్టుకున్న మనిషి ఎన్నాళ్లని చేయి చాచి నిలబడగలడు? ఊరుకోబెట్టే మాటలు కొంతదూరమే వస్తాయి. రాత్రి అందరూ వెళ్లిపోయాక ఖాళీ చేతులు ఒళ్లో అలాగే ఉంటాయి.

విక్టోరియా కమ్మరులు తమకు తెలిసిన పనితోనే ముందుకొచ్చారు. తలా కొన్ని ఆకులు చేద్దాం, అన్నీ కలిపి ఒక నీలగిరి చెట్టును నిలబెడదాం అని పిలుపునిచ్చారు. ఆ పిలుపు సముద్రాలు దాటింది. ఎన్నో దేశాల్లో కొలుములు రాజుకున్నాయి. రాగితో, తుప్పు పట్టని ఉక్కుతో ఆకులు తయారయ్యాయి. సుత్తి పట్టడం ఎరగనివారు కూడా స్వచ్ఛందంగా వచ్చి పనిలో కలిశారు. ఆ ఆకుల మీద పోయినవారి పేర్లున్నాయి, కాలిపోయిన ఊళ్ల పేర్లున్నాయి, బతికినవారు చెప్పుకోవాలనుకున్న మాటలున్నాయి.

లోహం మీద పేరు దించడం కలంతో రాసినంత తేలిక కాదు. అక్షరపు అచ్చును రేకు మీద నిలబెట్టి సుత్తితో కొట్టాలి. తర్వాత ఇంకో అచ్చు, ఇంకో దెబ్బ. దెబ్బ తప్పితే అక్షరం వంకర పోతుంది కాబట్టి మనసు మరెక్కడికీ వెళ్లడానికి వీల్లేదు. పోయినవారి పేరును అంత నెమ్మదిగా, అంత శ్రద్ధగా, పక్కన తోటివారి సుత్తుల చప్పుడు వింటూ పలకడాన్ని జపం అనక ఏమనాలి? ఊళ్లను మింగిన నిప్పే ఇక్కడ ఆకుకు ఈనె తీసింది. అగ్నిని మనవాళ్లు పావకుడన్నారు, పవిత్రం చేసేవాడని. ఇల్లు కాలినవాడి ఎదుట ఆ మాట అనడానికి నాకు నోరు రాదు. కొలిమి దగ్గర నిలబడినవాడు తనంతట తానే ఆ మాట అంటే మాత్రం తలవంచి వింటాను.

నిప్పులోంచి పనితనం లేచి రావడం మన మహాభారతంలోనూ ఉంది. అందులో ఖాండవ దహనం చదివినప్పుడల్లా నా మనసు బరువెక్కుతుంది. అడవి అడవంతా, అందులోని ప్రాణులతో సహా కాలిపోయింది. బతికి బయటపడ్డవి అతి కొద్ది ప్రాణాలు. తక్షకుడి కొడుకు అశ్వసేనుడు, నాలుగు శార్ఙ్గక పక్షి పిల్లలు, దానవశిల్పి మయుడు. మయుడి వెనక మంటలు, ముందు చక్రం ఎత్తిన కృష్ణుడు. అర్జునుడి శరణు వేడి బతికాడు. ఆ దహనంతో ఆదిపర్వం ముగుస్తుంది. సభాపర్వం ఆ మయుడితోనే మొదలవుతుంది. నన్నయగారి తెలుగులోనూ ఆ వరుస అలాగే ఉంది. నిప్పులోంచి లేచి వచ్చినవాడే మయసభ కట్టాడు. బిందుసరస్సు దాకా వెళ్లి సామగ్రి తెచ్చుకున్నాడు. సభ పూర్తి కావడానికి పద్నాలుగు నెలలు పట్టింది.

విక్టోరియా చెట్టుకు అయిదేళ్లు పట్టింది. 2014 ఫిబ్రవరిలో విటిల్‌సీ అనే ఊళ్లో దాన్ని నిలబెట్టారు. ఎత్తు పది మీటర్లకు కాస్త తక్కువ, బరువు మూడు టన్నులు, మూడు వేలకు పైగా ఆకులు. అయిదేళ్లా అని ఎవరికైనా అనిపించవచ్చు. దుఃఖంలో ఉన్నవారిని ‘ఇక మరిచిపో, లేచి నడువు’ అని తొందరపెట్టడం మనకు అలవాటు. ఆకు తర్వాత ఆకు చేసుకుంటూ గడిపిన ఆ కాలమే మందని నాకు అనిపిస్తుంది. పూర్తయిన చెట్టు ఆ తర్వాత దొరికిన ప్రసాదం.

మయుడి కథలో నాకు సభ కంటే దానికి ముందరి ఘట్టం ఇష్టం. మంటలు చల్లారాయి. మయుడు చేతులు జోడించి అర్జునుడి ముందు నిలబడ్డాడు. నా ప్రాణం కాపాడావు, నీకు ఏం చేసిపెట్టమంటావు అని అడిగాడు. నాకేమీ వద్దు, క్షేమంగా వెళ్లు అన్నాడు అర్జునుడు. అప్పటికి మయుడికి ఇల్లు లేదు, అడవి లేదు. ఉన్నది చేతిలో పనితనం ఒక్కటే. అతను అక్కడి నుంచి కదల్లేదు. నేను శిల్పిని, నీకోసం ఏదో ఒకటి చేయాలని ఉంది అని మళ్లీ అడిగాడు.