మూత వేసిన చేయి



రెండు నెలల క్రితము ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత మన సంఘపు తల్లి ఒకరు నాయొద్దకు వచ్చి, "అయ్యగారూ, మా అబ్బాయి ఫోనులో ఒక సంగతి చెప్పి చాలా బాధపడ్డాడు. వాడు చేసింది పాపమంటారా?" అని అడిగిరి.

ఆమె కుమారుడు అమెరికాలో చదువుకొనుచున్నాడు. అతనితో ఒకే ఇంట నుండు స్నేహితుడు గాజుపెట్టెలో ఒక పామును పెంచుచున్నాడు. ఆ స్నేహితుడు ఊరికి పోవుచు, "వారమునకొకసారి దీనికి ఒక ఎలుకను వేయుము" అని చెప్పి పోయెను. కుర్రవాడు దుకాణమునుండి ప్రాణముతోనున్న చిట్టెలుకను తెచ్చి, పెట్టెలో విడిచి, మూత వేసెను. ఆ ఎలుక నాలుగు మూలలకు పరుగెత్తి, గాజును గోకి గోకి, చివరకు ఒక మూలన ముడుచుకొని కూర్చుండెనట. పాము దానిని వెంటనే ముట్టలేదు. రాత్రి చాలా ప్రొద్దుపోవువరకు ఆ గోకుడు చప్పుడు వినబడుచునే యుండెను. తెల్లవారి చూడగా పెట్టెలో ఎలుక లేదు. ఆ రాత్రి అతనికి కన్ను మూతపడలేదు.

ఈ మాట విని ప్రక్కనున్న కొందరు నవ్విరి. "ఒక ఎలుక కొరకు ఇంత విచారమా? మన ధాన్యపు బస్తాలు కొరికి పాడుచేయు ఎలుకలను మనము చంపుట లేదా?" అనిరి. వారి మాటలోను కొంత న్యాయమున్నది. అయినను ఆ తల్లి ప్రశ్న నవ్వి త్రోసివేయదగినది కాదని నాకు తోచెను. దానిని గూర్చి మీతో కొంత ఆలోచింపగోరుచున్నాను.

మన దేశములో పాములను పట్టి ఇంట పెంచుటను 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము అడ్డగించుచున్నది. అమెరికా, బ్రిటను దేశములలోనైతే అనేకులు కుక్కను, పిల్లిని పెంచినట్లే పామును పెంచుదురు. ఆ దేశములలో ఎక్కువగా పెంచబడునవి అమెరికాకు చెందిన కార్న్ స్నేక్ అను పామును, పశ్చిమ ఆఫ్రికానుండి వచ్చిన బాల్ పైథాన్ అను చిన్న కొండచిలువయు. ఈ రెంటికిని విషము లేదు. మంచి పోషణ యున్నయెడల ఇరువది యేండ్లకు పైగా జీవించును. అయితే పాము గడ్డి తినదు, అన్నము తినదు. ఒక ప్రాణిని పూర్తిగా మ్రింగవలసినదే. గనుక పామును పెంచువాడు ప్రతి వారము ఒక మరణమునకు ఏర్పాటు చేయవలసియున్నాడు. ఈ ఏర్పాటు రెండు విధములు. ప్రాణముతోనున్న ఎలుకను పెట్టెలో విడుచుట ఒకటి. ముందుగా చంపి మంచుగడ్డవలె గట్టిపరచి అమ్ము ఎలుకను కొని, వేడినీటిలో కరగించి పెట్టుట మరియొకటి.

ప్రాణముతో పెట్టవలెననువారు చెప్పు ముఖ్యమైన మాట ఇది: "అడవిలో పాము చచ్చిన ఎలుకను తినునా? ప్రాణముగలదానిని పట్టి తినుట సృష్టి క్రమమే కదా!" మనము బైబిలు చదువువారము గనుక ఈ మాటను త్వరపడి కొట్టివేయజాలము. కొదమ సింహములు వేటకై గర్జించుచు తమ ఆహారమును దేవుని యడుగుచున్నవని 104వ కీర్తనలో చూచుచున్నాము. ఎలుకను తినుటవలన పాము పాపి కాదు. అది తన స్వభావము చొప్పున జీవించుచున్నది.

కాని ఆ గాజుపెట్టెలో జరిగినది నిజముగా సృష్టి క్రమమేనా? మన వరిచేనికి పోయి చూడుడి. గట్టున ఎలుకకు కలుగు కలదు, ఆ కలుగునకు వేరొక ద్వారము కలదు. జెర్రిపోతు వచ్చు అలికిడి వినుటకు దానికి చెవులు కలవు, దాగుటకు దుబ్బులు కలవు. పలుమారు ఎలుక తప్పించుకొనును, పాము ఆకలితో పోవును. పెట్టెలోనైతే కలుగు లేదు, రెండవ ద్వారము లేదు, దుబ్బు లేదు. వీటిని తీసివేసినదెవరు? పాము కాదు. మూత వేసిన చేయి తీసివేసెను. మనము ఒక ప్రాణికి తప్పించుకొను దారులన్నియు మూసి, తరువాత "ఇది ప్రకృతి" అని చెప్పుట సత్యము కాదు.

ఇక చచ్చిన ఎలుకను పాము ఒప్పుకొనునా అని యడుగుదురేమో. పాము తన చీలిన నాలుకతో వాసనను పట్టుకొనును. కొండచిలువ జాతులలో అనేకమునకు పెదవుల యొద్ద సన్నని గుంటలు కలవు. వాటితో అది వేడిని గుర్తించును. కాబట్టి చచ్చిన ఎలుకను బ్రతికిన ఎలుక యొంటి వేడికి తెచ్చి, పొడుగాటి పటకారుతో పట్టి కొంచెము కదలించినయెడల, చాలా పాములు దానినే కాటువేసి, చుట్టుకొని, మ్రింగును. ఇందులో పామునకును మేలు కలదు. ఆకలిలేని పాముతోపాటు మూయబడిన ఎలుక పామునే కొరికి, చర్మమును మాంసమును తినివేసిన సందర్భములు పెంపకందార్లకు బాగుగా తెలియును. చచ్చిన ఎలుక కరవదు. ఎలుకకు చూపిన దయ పామునకు రక్షణ యగుచున్నది.

అయితే రెండు చిక్కులను దాచక చెప్పవలెను.

మొదటిది. కొన్ని పాములు, ముఖ్యముగా అడవిలో పట్టబడినవి, చచ్చిన ఆహారమును ముట్టవు. ఎలుకమీద దయతో పామును ఆకలికి అప్పగించుట దయ కాదు. వేడిని మార్చి, వేళను మార్చి, ఓపికతో మరల మరల ప్రయత్నింపవలెను. ఎంత ప్రయత్నించినను ఫలింపనియెడల, పెంచువాడు ప్రాణముగల ఎలుకను పెట్టవలసిరావచ్చును. అట్టి సమయమున అతడు దగ్గరనే నిలిచియుండవలెను. పాము ముట్టనియెడల ఎలుకను వెంటనే వెలుపలికి తీయవలెను. బోవా అను పెద్దపాము చుట్టుకొనినప్పుడు ఎలుక యొంటిలో రక్త ప్రసారము కొద్ది క్షణములలోనే స్తంభించుచున్నదని 2015లో అమెరికాలో ప్రకటింపబడిన పరిశోధన తెలిపెను. అనగా పాము చుట్టలో మరణము త్వరగానే వచ్చును. ఆ కుర్రవాడు విన్న దీర్ఘమైన భయము చుట్టకు ముందున్న గంటలది. ఆ గంటలు మనిషి చేతిలోనున్నవి.

రెండవది. మంచుగడ్డ కట్టిన ఎలుకయు ఒకప్పుడు ప్రాణముతోనున్నదే. దానిని ఎక్కడనో ఎవరో, సాధారణముగా బొగ్గుపులుసు వాయువుతో, చంపిరి. మనము చూడలేదు గనుక మనకు సంబంధము లేదనుకొనుట తగదు. చచ్చిన ఎలుకను కొనినవాడు నిర్దోషి కాలేదు. అతడు ఒక ప్రాణి భయమును మాత్రము తగ్గించెను. అంతే. కాని ఆ "అంతే" అనునది కొంచెము కాదు.

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో పక్షి గూటిని గూర్చిన ఆజ్ఞను జ్ఞాపకము చేసికొనుడి. గూటిలోని పిల్లలను తీసికొనుటకు సెలవున్నది. తల్లిని మాత్రము విడిచిపెట్టవలెను. ఆకలిగొన్నవాడు ఈ నియమము దేనికి అని యడుగవచ్చును. దేవుడు మనకు సెలవిచ్చిన చోటను హద్దు నుంచియున్నాడని దాని భావము. ప్రాణమును తీయుటకు అవసరముండవచ్చును. ఆ అవసరము మన ఇష్టమువచ్చినట్లు చేయుటకు అధికారము కాదు.

ఇంగ్లండులో 1824లో జంతువులయెడల క్రూరత్వమును మాన్పుటకు ఒక సమాజము స్థాపింపబడెను. దానికి మూలపురుషుడు ఆర్థర్ బ్రూమ్ అను పాదిరి. ఆ సమాజపు అప్పుల నిమిత్తము ఆయన చెరసాల పాలాయెను. ఆయనను చూచియు లోకులు నవ్వియుందురు. కాని పశువు పడు బాధ మనుష్యుని మనస్సాక్షికి సంబంధించినదని ఆయన యెరుగును.

పాము పెంపకము మన గ్రామములకు దూరపు సంగతి. ఎలుకబోను దూరపు సంగతి కాదు. బోనులో పడిన ఎలుకను పిల్లలు వీధిలోనికి తెచ్చి, కుక్కల మధ్య విడిచి చప్పట్లు కొట్టుట నేను చూచితిని. జిగురు అట్టకు అంటుకొనిన ఎలుకను, "అదే చచ్చునులే" అని రెండు దినములు మూలన విడిచిపెట్టిన గృహములను చూచితిని. వారు దుర్మార్గులు కారు. ఆదివారము మన ప్రక్కన కూర్చుండువారే. ధాన్యమును కాపాడుకొనుటకు ఎలుకను చంపుట తప్పని నేననను. ఒక్క దెబ్బతో ముగించుట వేరు, దాని చావును వేడుక చేసికొనుట వేరు, దానిని మరచిపోవుట వేరు. నీతిమంతుడు తన పశువు ప్రాణమును పట్టించుకొనునని సామెతల గ్రంథము 12వ అధ్యాయము చెప్పుచున్నది. బోను మూత పడినప్పుడు ఆ ఎలుకయు కొంతసేపు మన చేతిక్రిందికే వచ్చినది కాదా?

ఆ తల్లితో నేనిట్లంటిని: "అమ్మా, మీవాడు తెలియక చేసినాడు. వాడికి నిద్ర పట్టలేదంటే దేవుడిచ్చిన మనస్సాక్షి మేలుకునే ఉందన్నమాట. దానికి సంతోషించండి. అయితే బాధపడి ఊరుకోవద్దని చెప్పండి. ఆ స్నేహితుడితో మాట్లాడమనండి."

అతడు మాటలాడెను. స్నేహితుడు మొదట నవ్వి, తరువాత చచ్చిన ఎలుకలను తెచ్చుటకు ఒప్పుకొనెను. మొదటి వారము పాము ముట్టలేదు. రెండవ వారము ఇంకను వెచ్చగా చేసి పటకారుతో చూపగా తీసికొనెనట. ఆమె నిన్న ఈ సంగతి నాకు చెప్పి, "మా ఇంటి జిగురు అట్టను కూడా పారేశానండి" అనెను.

కాసుకు అమ్మబడు పిచ్చుకను సహితము మరువని తండ్రి, మన చేతిక్రిందికి వచ్చిన ప్రతి చిన్న ప్రాణియెడల మన చేతులకు మెలకువను, మన హృదయములకు కనికరమును అనుగ్రహించును గాక.