చర్మసాక్ష్యము

పెండ్లిచూపులు దగ్గఱపడినకొలది కూతురి మెడను సున్నిపిండితోడను, పీచుతోడను, అవి చాలవని తోచిన నిమ్మచెక్కతోడను తల్లులు తోముచుండుట మన యిండ్లలో నేటికిని జరుగుచున్నదే. మెడ యెఱ్ఱగా కందిపోవును గాని, వెనుకభాగమున ముఖమలు గుడ్డవలె మెత్తనై, సన్నని గీతలుగా మడతలుపడి కానవచ్చు నా నలుపు మాత్రము కదలదు. అది మురికియు గాదు, ఎండకు కమిలిన రంగును గాదు. చర్మపు పైపొర దళసరియై ముడుతలుపడుటచేత గలిగిన ఛాయ.

శరీరములోని కండరములును, కాలేయమును, క్రొవ్వును ఇన్సులినునకు స్పందించుట తగ్గినపుడు క్లోమము దానిని మఱింత హెచ్చుగా స్రవించును. రక్తమున మితిమీరిన యా ఇన్సులిను చర్మకణములలో వృద్ధికై యేర్పడియున్న గ్రాహకములను సైతము ప్రేరేపించును. అంతట కణములు అవసరమునకు మించి పెరిగి, మెడ, చంకలు, గజ్జలు మొదలగు మడతలలో నలుపు పొడసూపును. మెడచుట్టు సన్నని కాడలతో వ్రేలాడు పులిపిర్లకును పలువురియం దీ కారణమే యుండును. వైద్యులు 1890 ప్రాంతముననే ఈ నలుపును వర్ణించియుండిరి; ఇన్సులిను నిరోధముతో దానికిగల బాంధవ్యము 1976లో స్పష్టముగా వెల్లడియైనది. రక్తములోని చక్కెర యింకను హద్దు దాటని కాలముననే చర్మ మీ వార్తను మోసికొనివచ్చుచుండుట నాకు మహాద్భుతముగా తోచును.

అయితే దేహముపై దోచిన యీ చిహ్నమును మనము దేనిగా చదువవలెను? ఫలానా పాపమునకు ఫలానా వ్యాధియని పట్టికలు గట్టిన కర్మవిపాక గ్రంథములు మనకు గలవు. వానిని నమ్మనివారును నేడు ఆ మెడను చూచి తిండిపోతనియు, సోమరియనియు తీర్పు చెప్పుచునే యున్నారు. పూర్వజన్మ స్థానమున బద్ధకము వచ్చి కూర్చున్నది. దోషారోపణము మాత్ర మట్లే నిలిచినది. స్థూలుడను, కృశుడను, గౌరవర్ణుడను అని దేహధర్మములను తనయం దారోపించుకొనుటను శంకరభగవత్పాదులు బ్రహ్మసూత్రభాష్యపు తొలిపుటలలోనే అధ్యాసకు దృష్టాంతముగా చూపిరి. మెడ నల్లనైనదని తలయెత్తలేక కుములు బాలిక యా అధ్యాసచేతనే కుములుచున్నది. దేహ మెట్లును నశించునదే గదా యని ఆ గుర్తును చూచియు చూడనట్లుండు పెద్దవాని యుపేక్షను వైరాగ్యమనుటకు నే నొప్పుకొనను. దేహమును దృశ్యముగా నెఱిగినవాడు దానిని మఱింత నిదానముగా చూడవలసియుండును.

ఈ విషయమున మన ప్రాచీన వైద్యులు ధర్మవేత్తలకంటె ఉదారులైరి. అంతయు దైవాధీనమే యైనచో ఔషధమునకు బని యేమి యను చర్చను చరకసంహిత విమానస్థానమున ఆత్రేయునిచేత చేయించి, దైవమును పురుషకారమును రెండును గలవని నిర్ణయించినది. మధుమేహమును గూడ తనలో చేర్చుకొను ప్రమేహమను రోగపు పూర్వరూపములలో దేహముపై మలము పేరుకొనుటను ఆ గ్రంథమే పేర్కొనినది. వారు చూచినది ఈ నలుపే యని నేననను గాని, రోగము బయటపడకమున్నే దేహపు పైభాగమును పరికింపవలెనను దృష్టి వారిది. సుశ్రుతుడు ప్రమేహమును రెండుగా విభజించి, ఒకటి తల్లిదండ్రుల బీజమునుండి సహజముగా వచ్చుననియు, రెండవది అపథ్యమువలన గలుగుననియు జెప్పెను. ఆ మొదటి భాగమును మఱచినందుననే మనము నిర్దయులమగుచున్నాము.

వయసు మళ్ళి, చిక్కిపోవుచున్నవారియందు ఈ నలుపు హఠాత్తుగా వ్యాపించినచో అది యరుదుగా లోపలి పుట్టకురుపునకు సూచనము గావచ్చును. అప్పుడు జాగు తగదు. తక్కినవారియందు బరువు తగ్గి, నడక పెరిగి, ఇన్సులిను దిగివచ్చినకొలది నలుపును క్రమముగా పలుచబడును. ఏ లేపనమును ఆ మూలమును తాకజాలదు. కావున ఒక యింట నొకరికి ఈ గుర్తు కానవచ్చినచో, పరగడుపు చక్కెరను, మూడు నెలల సగటును, రక్తపుపోటును, కొలెస్ట్రాలును ఆ యొక్కరికే గాక, ఆ బీజమిచ్చిన తల్లిదండ్రులకును, అదే కంచపు తిండి తినుచున్న తోబుట్టువులకును పరీక్షింపజేసి, రాత్రి భోజనమున అన్నము కొంత తగ్గించి కూర పెంచు మార్పును ఇంటిల్లిపాదియు కలిసి చేయుట న్యాయము.